పేరు ఎవరి మీద ఉంది?

అక్కా! మన పొదుపు సంఘం ఆవకాయ పెట్టిందనుకుందాం. ఇంటర్నెట్‌లో అమ్మాలి. "నేను చేసిపెడతా పిన్నీ" అన్నాడు ఊళ్లో ఒక కుర్రాడు. మంచిదే. డబ్బు ఇచ్చే ముందు కొంచెం తెలుసుకుందాం.

అక్కడ అంగడి పెట్టాలంటే రెండు కావాలి. ఒకటి చోటు. మన పచ్చళ్ల ఫొటోలు, ధరలు ఒక పెద్ద కంప్యూటర్‌లో ఉంచుతారు. అది రాత్రీపగలూ నడుస్తూనే ఉంటుంది. అందులో చోటు అద్దెకివ్వడమే హోస్టింగ్. నచ్చకపోతే వేరే చోటికి మారొచ్చు.

రెండోది పేరు. దీన్ని డొమైన్ అంటారు. చోటు మారినా పేరు మారదు. కొనేవాళ్లు ఆ పేరుతోనే వెతుక్కుంటూ వస్తారు.

పేరు ఎవరి మీద నమోదైతే వాళ్లదే పెత్తనం. కుర్రాడు తన పేరున రాసుకుని, రేపు పట్నం పోతే? సీసాల మీద అచ్చు వేయించిన పేరు మన చేతిలో ఉండదు. ఇల్లు మనం కట్టి, పట్టా ఇంకొకరికి రాయించినట్టే. అందుకే సంఘం పేరునే రాయించాలి. ఫోను, ఈమెయిలు కూడా సంఘానివే ఇవ్వాలి. నమోదు చేసేటప్పుడు పక్కనే కూర్చోండి. తెర మీద ఏం రాశాడో చదవండి. మీకు చదువు వచ్చు కదా!

ఈ పేరుకు గడువుంటుంది. 1 నుంచి 10 ఏళ్లకు ఒకేసారి కట్టొచ్చు. గడువు దాటినా కట్టకపోతే, కొన్నాళ్లకు ఎవరైనా కొనుక్కోవచ్చు. మొదటి ఏడు చవగ్గా ఇస్తారు. రెండో ఏడు ఎంతో ముందే అడగాలి.

పేరు చివర "డాట్ ఇన్" ఉంటే అది మన దేశపు గుర్తు. 2005 నుంచి ఆ పేర్ల లెక్క నిక్సీ అనే సంస్థ చూస్తోంది. తెలుగు అక్షరాల్లో కూడా పేరు తీసుకోవచ్చు. దాని చివర "డాట్ భారత్" అని వస్తుంది.