కుక్క నోట చొంగ : తలిదండ్రులకొక పాఠము

బడి త్రోవలో చొంగ కార్చుచు తూలుచున్న కుక్క కనబడినచో పిల్లలు జాలిపడి దగ్గరకు పోవుదురు. ఆ జాలి మెచ్చదగినదే. కాని ఆ చొంగకు కారణమేమో పెద్దలు తెలిసికొని పిల్లలకు చెప్పవలెనని మేము కోరుచున్నాము.

కాలు కదపుట ఇచ్ఛాధీనము. గుండె కొట్టుకొనుట, లాలాజలమూరుట, కంటిపాప విప్పారుట, ప్రేగులు కదలుట ఇచ్ఛతో పనిలేకయే జరుగును. కుక్కకైనను మనకైనను వీనిని నడపునది స్వయంచోదిత నాడీమండలము. అందొక శాఖ శరీరమును పరుగునకు, పోరాటమునకు సిద్ధపరచును. రెండవది విశ్రాంతిని, జీర్ణక్రియను చూచుకొనును. ఈ రెండింటి పొత్తు చెడినచో వ్యాధి పుట్టును.

మన గోదావరి సీమలో పొలములకు పురుగుమందులు చల్లుట మామూలు. అందు ఆర్గనోఫాస్ఫేట్ జాతి మందు కుక్క కడుపున పడినచో రెండవ శాఖ అదుపు తప్పి పనిచేయును. చొంగ, కన్నీరు కారును. కంటిపాపలు సూదిమొనలంత యగును. వాంతులు, విరేచనములు, వణకు, ఆయాసము కలుగును. పశువైద్యుడు వెంటనే అట్రోపిన్ సూది వేసినచో బ్రదుకవచ్చును. దీనికి ఎదురైన వ్యాధి యొకటి అమెరికాలోని మిసౌరి, కాన్సాస్ రాష్ట్రములలో కనబడినది. అందు ఈ నాడీకణములే నశించును. నోరు, కన్నులు ఎండును; పాపలు విప్పారియే యుండును; మూత్రము బిగియును.

అయితే చొంగ కార్చు కుక్క విషము తిన్నదో, పిచ్చిపట్టినదో చూచినంతనే తెలియదు. రేబిస్ క్రిమి నాడుల వెంబడి మెదడునకు ప్రాకి, అచటినుండి లాలాజల గ్రంథులకు దిగును. గొంతు పడిపోయి మ్రింగలేక చొంగ కారును. ఆ చొంగయందే క్రిమి యుండును. కావున ఎముక యిరికినదేమోయని నోట చేయి పెట్టరాదు.

యానాం 1954 వరకు ఫ్రెంచివారి ఏలుబడిలో నుండెను. ఆ ఫ్రాన్సు దేశపు శాస్త్రజ్ఞుడు లూయీ పాస్టరు 1885 జూలై 6న, పిచ్చికుక్క కరచిన జోసెఫ్ మైస్టర్ అను తొమ్మిదేండ్ల బాలునకు టీకా మొదలిడి బ్రదికించెను. నేడు అంతకంటె మేలైన టీకా కలదు. కాని వ్యాధి లక్షణములు బయలుపడిన పిదప బ్రదుకుట మిక్కిలి అరుదు.

కుక్క కరచినను, గీరినను, పుండుపై నాకినను, పదునైదు నిమిషములు సబ్బుతో, ధారగా పడు నీటితో కడుగవలెను. కారము, పసుపు, సున్నము పూయరాదు. ఆనాడే ఆసుపత్రికి పోయి, వైద్యుడు చెప్పిన తేదీలన్నిటను సూదులు వేయించవలెను.

తిట్లకు వెరచి పిల్లలు కాటును దాచుదురు. తలిదండ్రులారా, వచ్చి చెప్పిన బిడ్డను కోపింపకుడు. ఆ ధైర్యమే వాని ప్రాణమును కాపాడును.