రాత్రి మృగముల వంతు

చదువవలసిన భాగములు: కీర్తన 104:19–23, ఆదికాండము 2:15

దోర్నాల నుండి శ్రీశైలము పోవు ఘాటుదారిలో రాత్రివేళ గేటు వేసి బండ్లను ఆపుదురు. నల్లమలలో పెద్దపులులు తిరుగు వేళ అది. 1983లో ప్రభుత్వము ఈ అడవిని పులుల అభయారణ్యముగా ఏర్పరచెను. అడవి జాడలెరిగిన చెంచు సోదరులు అందులో కావలి కాయుచున్నారు.

కీర్తనకారుడు రాత్రిని మృగములకును, పగటిని మనుష్యునికిని దేవుడిచ్చిన వంతులుగా చూచెను. మన వంతు మనము మీరరాదు. అడవిపందికి పన్నిన ఉచ్చులో పులియు చిక్కును. ఎండుటాకులలో పారవేసిన బీడీ కొండనే కాల్చును. కంభం చెరువును నింపు గుండ్లకమ్మ ఆ కొండలలోనే పుట్టినది గదా!

ఆలోచించుడి: తోటను కాయుమని దేవుడు ఆదామునకు అప్పగించిన పని మన పొలముగట్టున ఎట్లు జరుగుచున్నది?