చంబల్ తీరాన శీతకాలపు నడక

మధ్యప్రదేశ్‌లో మహూ పట్టణానికి సమీపాన, వింధ్య శ్రేణిలోని జానాపావ్ కొండ వద్ద జన్మించే చంబల్ నది దాదాపు 960 కిలోమీటర్లు ప్రవహించి ఉత్తరప్రదేశ్‌లో యమునలో కలుస్తుంది. ధోల్పూర్, మొరేనా పట్టణాల నడుమ ఈ నదియే రెండు రాష్ట్రాలకు సరిహద్దు. ఎడమ గట్టు రాజస్థాన్‌ది, కుడి గట్టు మధ్యప్రదేశ్‌ది. ఇంకా దిగువకు పోతే ఉత్తరప్రదేశ్ వస్తుంది. నదిలోని ప్రాణులకు ఈ ఎల్లలు లేవు. కనుకనే 1978-79 సంవత్సరాలలో మూడు రాష్ట్రాలలోని నదీభాగాలను జాతీయ చంబల్ అభయారణ్యంగా ప్రకటించారు.

డిసెంబరు, జనవరి నెలలు ఇక్కడ వన్యప్రాణులను పరిశీలించటానికి, ఛాయాచిత్రాలు తీయటానికి అనువైన కాలం. వరద తీసి ఇసుక తిన్నెలు బయటపడతాయి, నీరు తేరుకుంటుంది, ఉత్తరాది నుండి వలస పక్షులు వచ్చి చేరతాయి. అటవీశాఖ అనుమతి పొంది, స్థానికుడైన మార్గదర్శి వెంట గట్టుమీద నడిచే విద్యార్థికి మొదటి పాఠం తీరగ్రామాల ప్రజల హిందీలోనే దొరుకుతుంది. అక్కడి ప్రాణుల పేర్లే, దేనిని ఎట్లు గుర్తించవలెనో చెబుతాయి.

ఘడియాల్ అనే మొసలి పేరుకు 'ఘడా' మూలమని చెబుతారు. ఘడా అంటే కుండ. వయసు వచ్చిన మగ ఘడియాల్ ముట్టె కొసన కుండవంటి బుడిపె ఉంటుంది. సన్నగా పొడుగ్గా ఉన్న ముట్టె ఘడియాల్‌ది. వెడల్పాటి ముట్టె మామూలు మంచినీటి మొసలిది. ఘడియాల్‌కు చేపలే ఆహారం. మంచినీటి మొసలి మాత్రం మనిషికి ప్రమాదకరం కావచ్చు గనుక నీటి అంచుకు పోరాదు.

'పన్‌చీరా' అంటే నీటిని చీల్చేది. ఈ పక్షి ముక్కు కింది భాగం పైభాగం కంటె పొడవు. నీటిని రాసుకుంటూ ఎగురుతూ, కింది ముక్కుతో నీటిని కోస్తూ చేపలను పట్టుకుంటుంది. శీతకాలంలో ఈ పక్షులు మన కాకినాడ తీరంలోనూ కనిపిస్తాయి. 'సూఁస్' అనేది గంగా డాల్ఫిన్ పేరు. అది ఊపిరి తీసుకోవటానికి పైకి వచ్చినప్పుడు వినిపించే శబ్దమే దాని పేరయింది. 2009లో దీనిని జాతీయ జలచరంగా ప్రకటించారు. దీనిని కంటితో వెదకుట కంటె, లోతు మడుగు వద్ద నిలిచి చెవితో వెదకుట మేలు. ఇక హిందీవారి 'చకవా' మనకు కొత్తది కాదు. సంస్కృత చక్రవాకమే మన కావ్యాలలోని జక్కవ. లదాఖ్, టిబెట్ ఎత్తులలోని సరస్సుల వద్ద పిల్లలను పెంచి, చలికాలానికి దిగివచ్చే ఈ నారింజవన్నె పక్షులు ఇసుక తిన్నెలపై జంటలుగా కనిపిస్తాయి.

ఛాయాచిత్రం తీయువాడు కాలాన్ని ఎంచుకోవాలి. తెల్లవారు జామున మంచు పట్టి ఉంటుంది. ఘడియాల్ బయటకు రాదు. ఎండ కాస్త ముదిరిన తరువాతనే అది తిన్నె ఎక్కుతుంది. పక్షులకు ఉదయ, సాయంకాలపు ఏటవాలు వెలుగు మంచిది. సూర్యుడు వీపువైపు ఉండేటట్లు నిలవాలి. తెల్లని ఇసుకను చూచి కెమెరా వెలుగును తగ్గించి లెక్కకట్టి, బొమ్మను నల్లబరుస్తుంది. కనుక ఎక్స్‌పోజరును కొంత పెంచుకోవాలి. ఎగిరే పక్షికి షట్టరు వేగం సెకనులో 1000వ వంతుకు తగ్గరాదు. 400 మిల్లీమీటర్ల టెలిఫోటో లెన్సు ఉంటే దగ్గరకు పోవలసిన అగత్యం తగ్గుతుంది.

దూరంగా నిలవటం మర్యాద కోసం మాత్రమే కాదు. మొసలి జాతి తన శరీరంలో తాను వేడి పుట్టించుకోలేదు. తిన్న చేప అరగాలన్నా ఎండ కాగవలసినదే. పెద్ద ఘడియాల్ నేలపై శరీరాన్ని ఎత్తి నడవలేదు గనుక నీటి అంచునే పడుకుంటుంది; మనిషి దగ్గరపడగానే నీటిలోకి జారుతుంది. చన్నీటిలో ఒళ్లు మళ్లీ చల్లబడుతుంది. శీతకాలపు పగలు చిన్నది. ఒక బొమ్మ కోసం మనం దానిని లేపితే, కోల్పోయిన వేడిని అది ఆ పూట తిరిగి సంపాదించలేకపోవచ్చు. తల ఎత్తినా, నీటివైపు కదిలినా అక్కడే ఆగి వెనుకకు తగ్గాలి. మేస్తున్న పక్షులు ఒక్కసారిగా మెడలు నిక్కించినా అదే హెచ్చరిక. డ్రోన్ ఎగురవేయటం తగదు.

ఈ జాగ్రత్త వెనుక చరిత్ర ఉన్నది. 1970 దశకం నడుమ నాటికి మన దేశంలో 200 ఘడియాళ్లయినా మిగలలేదని అంచనా. 1975లో మొసళ్ల సంరక్షణ పథకం ఆరంభమైనది. గుడ్లను సేకరించి, పొదిగించి, పిల్లలను పెంచి నదిలో వదిలారు. మొరేనా వద్ద దేవరీ కేంద్రం ఆ పని చేసినది. నేడు ప్రపంచంలో ఘడియాళ్లు అత్యధికంగా ఉన్నది చంబల్‌లోనే. అయినా 2007-08 శీతకాలంలో ఇక్కడ వందకు పైగా ఘడియాళ్లు మూత్రపిండాలు చెడి మరణించాయి. ఇసుక తవ్వకం మరొక ముప్పు. ఘడియాల్ ఎండ కాగేది, మార్చి, ఏప్రిల్ నెలలలో గుడ్లు పెట్టేది ఆ ఇసుకలోనే. పన్‌చీరా గూడూ అక్కడే.

కనుక విద్యార్థి ప్రతి ఛాయాచిత్రం కింద తేదీ, వేళ, స్థలం, ప్రాణుల సంఖ్య, అవి చేస్తున్న పని వ్రాసుకోవాలి. ఏటేటా అదే తీరంలో తీసిన అటువంటి చిత్రాలు తిన్నె తరిగినదో, పక్షులు తగ్గినవో చెప్పగలవు. పన్‌చీరా అని, సూఁస్ అని పేరు పెట్టిన తీరవాసులు ఆ ప్రాణులను తమ పనిలో తాము ఉండగా చూచారు. మన కెమెరా కూడ అట్లే చూడవలెను.