వెంకన్నకు దక్కని తొలి అక్షరం

గురుభక్తులారా! మంత్రాలయ యాత్రికులలో అనేకులు ఆదోని మీదుగానో, ఎమ్మిగనూరు మీదుగానో వస్తారు. ఒకప్పుడు ఈ సీమలోనే ఒక అనాథ బాలుడు పశువులను కాచుకుంటూ తిరిగేవాడు. అతడే వెంకన్న.

తల్లిదండ్రులను కోల్పోయిన వెంకన్న మేనమామ ఇంట పెరిగాడనీ, చదువుకు నోచుకోలేదనీ భక్తులు చెప్పుకుంటారు. శ్రీ రాఘవేంద్రస్వామివారు అతని గోడు విని, కష్టకాలంలో తమను స్మరించమని అనుగ్రహించారు. కొంతకాలానికి ఆదోని నవాబు తనకు అందిన ఒక లేఖను అతని చేతికిచ్చి చదవమన్నాడు. చదువు రాదని మొరపెట్టుకున్నా వినక ఆగ్రహించాడు. వెంకన్న గురువును స్మరించగానే లేఖలోని శుభవార్త అతని నోట పలికింది. నవాబు సంతోషించి అతనిని దివానుగా నియమించాడు. తరువాత మంచాల గ్రామం స్వామివారికి సమర్పితమైంది. 1671లో స్వామివారు అక్కడే బృందావన ప్రవేశం చేశారు.

స్వామివారి బాల్యాన్ని కూడా స్మరిద్దాం. పూర్వాశ్రమంలో వెంకటనాథునిగా ఉన్నప్పుడు వారు చిన్ననాడే తండ్రిని కోల్పోయారు. అన్నగారు గురురాజులు ఆదరించారు. బావగారు లక్ష్మీనరసింహాచార్యులు మధురలో విద్య నేర్పారు. ఇద్దరూ దిక్కు కోల్పోయిన బాలురే. ఒకరికి సకాలంలో గురువు లభించారు. మరొకరికి మేనమామ ఇంట అన్నం దొరికింది కాని, అక్షరం దొరకలేదు. ఆ లోటు తీర్చడానికి మహిమే కావలసి వచ్చింది.

నేడు కూడా ఈ పశ్చిమ మండలాల నుండి పత్తి, మిరప కోతల కాలంలో అనేక కుటుంబాలు గుంటూరు వైపు వలస వెళ్తాయి. వెంట వెళ్లిన పిల్లల బడి ఆగిపోతుంది. తల్లిదండ్రులు లేని పిల్లలు అవ్వల వద్దనో, మేనమామల వద్దనో ఉంటారు. పని ఒత్తిడి పెరిగితే ముందుగా ఆగేది వారి చదువే.

వారికి ఆధారాలు లేకపోలేదు. మూడు నుండి ఆరేళ్ల వరకు అంగన్‌వాడీ ఉంది. 2009 విద్యాహక్కు చట్టం 6 నుండి 14 ఏళ్ల వరకు ఉచిత విద్యనిచ్చింది. మన రాష్ట్రంలో ప్రైవేటు బడుల ఒకటవ తరగతిలో కేటాయించే 25 శాతం ఉచిత సీట్లలో 5 శాతం అనాథలు, హెచ్‌ఐవీ బాధిత బాలలు, దివ్యాంగులకు చెందుతాయి. మిషన్ వాత్సల్య కింద, బంధువుల ఇంట పెరిగే అర్హులైన అనాథ బాలలకు నెలకు 4,000 రూపాయల సాయం ఉంది. అయితే వీటిని పొందడానికి దరఖాస్తులు, ధ్రువపత్రాలు కావాలి. చదువు రాని అవ్వ చేతిలో ఆ కాగితం, వెంకన్న చేతిలోని నవాబు లేఖ వంటిదే.

కనుక దాతలారా! ఒక్కనాడు పలకలు పంచి, ఛాయాచిత్రం తీసుకుని వెళ్లడంతో మన సేవ ముగియరాదు. మీ ఊరి బడితో ఏడాది పొడవునా అనుబంధం పెట్టుకోండి. ఉపాధ్యాయులను అడిగి, అటువంటి పిల్లలెవరో తెలుసుకోండి. అవ్వ పక్కన కూర్చుని ఆ దరఖాస్తు చదివి నింపండి. బిడ్డ బడి మానితే వెళ్లి విచారించండి. నిరాధారంగా ఉన్న బిడ్డ కనబడితే స్వయంగా తీసుకుపోక, 1098కి తెలియజేయండి. వారు బాలల సంక్షేమ సమితి ద్వారా తగిన రక్షణ కల్పిస్తారు.

మహిమ చూపడం గురువులకే చెల్లు. సకాలంలో ఒక అక్షరం అందించడం మనకూ సాధ్యమే.

శ్రీ గురురాజానుగ్రహ ప్రాప్తిరస్తు.