తప్పు అమ్మ చేతిలో లేదు, కింది రాడ్డులో ఉంది

దసరా సెలవులకి ఇంటికెళ్ళేసరికి అమ్మ కేకుల ఆర్డర్లు తీసుకోవడం మానేసింది. "పైన మాడిపోతోంది, అడుగు పచ్చిగా ఉంటోంది. నా చేతిలోనే ఏదో తేడా వచ్చిందిరా" అంది. బేకింగ్ పౌడర్ మార్చి చూసిందట, రెండుసార్లు పిండి పారబోసిందట.

ఖాళీ ఓటీజీ ఆన్ చేసి చూశాను. పై రాడ్లు ఎర్రబడ్డాయి. కింది రెండూ నల్లగానే ఉన్నాయి. రిపేరు షాపుకి ఫోన్ చేస్తే, "రెండూ పోయుంటాయి, కొత్తది కొనేయండి" అన్నారు. చూడకుండానే!

కోడ్ రన్ అవ్వకపోతే మనం మొత్తం డిలీట్ చెయ్యం కదా, ఎక్కడిదాకా పనిచేస్తోందో చూస్తాం. ఇక్కడా అంతే. పై రాడ్లు వేడెక్కుతున్నాయంటే ప్లగ్గు, టైమర్, థర్మోస్టాట్ బాగున్నట్టే. మిగిలినవి మోడ్ మార్చే స్విచ్చు, వైర్లు, కింది రాడ్లు.

ముందు జాగ్రత్త: స్విచ్చు ఆపితే చాలదు, ప్లగ్గు పీకెయ్యాలి. పూర్తిగా చల్లారాకే స్క్రూలు విప్పాలి. ఏ వైరు ఎక్కడుందో ఫొటో తీసుకోవాలి.

రాడ్డుకి బయట స్టీలు గొట్టం, లోపల నైక్రోమ్ తీగ, మధ్యలో మెగ్నీషియం ఆక్సైడ్ పొడి ఉంటాయి. ఆ పొడి వేడిని పంపుతుంది, కరెంటుని ఆపుతుంది. లోపల తీగ తెగినా బయటికి తెలీదు. అందుకే మల్టీమీటర్ కావాలి.

రీడింగ్ ఎంత రావాలి? ఇంటర్ ఫిజిక్సే. వోల్టేజీ స్క్వేర్‌ని వాట్లతో భాగించాలి. మా కింది రాడ్లు రెండూ కలిపి 800 వాట్లు. 230 ఇంటూ 230 బై 800, దాదాపు 66 ఓంలు. రెండూ సిరీస్‌లో ఉన్నాయి కాబట్టి ఒక్కోటి 33.

వైర్లు విడదీసి కొలిచాను. మొదటిది 32, బతికే ఉంది! రెండోదానికి మీటర్ ఓఎల్ అని చూపించింది, అంటే దారి తెగింది. పందిరికి వేసే సీరియల్ సెట్‌లో ఒక బల్బు పోతే ఆ వరసంతా ఆరిపోతుంది చూడండి, అదే కథ. పోయింది ఒక్కటే.

పాత రాడ్డు పట్టుకుని బజారుకెళ్తే అదే పొడవున్న 230 వోల్టుల, 400 వాట్ల రాడ్డు ఇవ్వబోయారు. లెక్కేస్తే అది 132 ఓంలు! సిరీస్‌లో మా రాడ్డుకి వచ్చేది 115 వోల్టులే. షాపులోనే మీటర్ పెట్టి 33 ఓంలున్నదే తెచ్చాను. పొడవొక్కటీ కలిస్తే సరిపోదు.

బిగించేముందు రాడ్డు కొసకీ స్టీలు గొట్టానికీ మధ్య కూడా కొలవాలి. అక్కడ ఓఎల్ రావాలి. ఏదైనా అంకె వస్తే ఆ రాడ్డు వాడొద్దు, షాక్ కొట్టే ప్రమాదం ఉంది. కనెక్టర్లు వదులుగా ఉంటే మళ్ళీ కాలతాయి, గట్టిగా బిగించాలి. ఎర్త్ ఉన్న మూడు పిన్నుల సాకెట్టే వాడాలి. మొదటిసారి కిటికీలు తెరిచి ఖాళీగా పావుగంట నడిపితే కొత్త రాడ్డు వాసన, పొగ పోతాయి.

ఆ సాయంత్రం అమ్మ కేకు చేసింది. తిరగేసి అడుగు చూసింది. సమంగా, గోధుమ రంగులో ఉంది. "ఇన్నాళ్ళూ నన్ను నేనే తిట్టుకున్నాను" అంది.

రాడ్డు మార్చడానికి గంట పట్టింది. ఒక్కసారి కొలిచి చూడకపోవడం వల్ల అమ్మ నెల రోజులు తన చేతినే అనుమానించింది.