ఊపిరితిత్తుల వ్యాధులు – పుట్టుకతో వచ్చు భేదములు

మాఘ ఫాల్గుణ మాసములలో గుంటూరు, ప్రకాశం జిల్లాల పల్లెలలో గాలి ఘాటెక్కును. కళ్ళములలో మిరపకాయ యెండుచుండును. స్త్రీలు తొడిమలు తీయుచుందురు. గుంటూరు యార్డులో ముఠా కూలీలు టిక్కీలు మోయుచుందురు. జిన్నింగు మిల్లులలో ప్రత్తి నూగు ఎగురుచుండును. ఒకే పనిలోనున్న ఇద్దరిలో ఒకడు ఇరువది యేండ్లు నిశ్చింతగా పనిచేయును. మరియొకనికి అయిదేండ్లకే ఆయాసము పట్టుకొనును. “వారి వంశమే అంత” అని ఇరుగుపొరుగువారు తీర్పు చెప్పుదురు. ఈ మాటలో నిజమెంతయో, పొరపాటెంతయో విచారింతము.

మిరప తోటకు బొబ్బర తెగులు సోకినప్పుడు కొన్ని రకముల ఆకులు ముందుగా ముడుచుకొనును. కొన్ని రకములు కొంత తట్టుకొనును. ఇది విత్తనములోని భేదమని రైతు సోదరులెరుగుదురు. మనుష్యులలోను ఇట్టి భేదములు కలవు. తల్లిదండ్రులనుండి బిడ్డలకు వచ్చు జన్యువులే వీటికి మూలము.

ఒక ఉదాహరణము చూతము. శరీరమును కాపాడు తెల్ల రక్తకణములు క్రిములతో పోరాడునపుడు ఒక ఘాటైన రసమును విడుచును. అది మితిమీరినచో ఊపిరితిత్తులలోని సన్నని గాలితిత్తులనే తినివేయును. దానిని అదుపులోనుంచు పదార్థమును కాలేయము తయారుచేయును. దాని పేరు ఆల్ఫా-1 యాంటిట్రిప్సిన్. 1963లో స్వీడను దేశమున లారెల్, ఎరిక్సన్ అను శాస్త్రజ్ఞులు సుమారు 1500 రక్తపు నమూనాలను పరిశీలింపగా అయిదింటిలో ఈ పదార్థము లోపించినట్లు తేలెను. ఆ అయిదుగురిలో ముగ్గురికి ఊపిరితిత్తులు చెడియుండెను. ఈ లోపము మన దేశమున అరుదు. అయినను ఇందలి పాఠము మనకును వర్తించును. లోపముతో పుట్టినవారిలో పొగ త్రాగువారికి వ్యాధి త్వరగా ముదురును. త్రాగనివారు చాలకాలము సుఖముగా నుందురు. పుట్టుక ఒక్కటియే వ్యాధిని నిర్ణయింపదు.

ఇక క్షయ సంగతి. ఇది వంశపారంపర్యముగా వచ్చు జబ్బు కాదు. ఇది క్రిమివలన కలుగునని 1882లోనే కాక్ పండితుడు నిరూపించెను. అయితే మందు వాడునపుడు జన్యుభేదము పనిచేయును. 1952 నుండి వాడుకలోనున్న ఐసోనియాజిడ్ అను మందును కొందరి కాలేయము త్వరగా, కొందరిది నెమ్మదిగా మార్చివేయును. 1956లో మద్రాసున నెలకొల్పిన క్షయ చికిత్సా పరిశోధన కేంద్రమువారు పరీక్షింపగా, దక్షిణ దేశపు రోగులలో నూటికి సుమారు 60 మంది నెమ్మదిగా మార్చువారని తేలెను. వారానికి ఒక్కసారి మాత్రమే మందిచ్చినప్పుడు త్వరగా మార్చువారికి గుణము తక్కువగా కన్పించెను. ప్రతిదినము మ్రింగినచో ఇరువురకును పనిచేయును. నెమ్మదిగా మార్చువారిలో కొందరికి అరికాళ్ళలో తిమ్మిరి, మంట కలుగవచ్చును. బి-6 విటమినుతో దీనిని నివారింపవచ్చును. కావున తిమ్మిరి పుట్టినదని మందు మానరాదు. వెంటనే వైద్యునకు చెప్పవలెను. “వానికి పడినది, నాకు పడలేదు” అని పొరుగువానితో పోల్చుకొని చికిత్స విడుచుట ప్రాణాపాయము.

కనుక మేము మనవిచేయునది ఇది. తండ్రికి ఆయాసమున్న ఇంట బిడ్డలు మరింత జాగ్రత్తగా నుండవలెను. చుట్ట, బీడీ మానవలెను. మిరప, ప్రత్తి దుమ్ములో పనిచేయునపుడు గాలికి వీపు పెట్టి కూర్చుండవలెను. ముక్కును నోటిని బిగుతుగా కప్పు మాస్కు ధరింపవలెను. వంటింటి పొగ బయటకు పోవునట్లు చూచుకొనవలెను. రెండు వారములు దాటి దగ్గు నిలిచినచో ప్రాథమిక ఆరోగ్య కేంద్రములో కఫపరీక్ష చేయించుకొనవలెను. క్షయకు పరీక్షయు, మందులును ప్రభుత్వ ఆస్పత్రులలో ఉచితముగా లభించును.

తండ్రికి క్షయ వచ్చెనని బిడ్డ పెండ్లి సంబంధమును తప్పించువారు ఇంకను ఉన్నారు. అది అజ్ఞానము. ఆ యింట కావలసినది నింద కాదు. ఇంటిల్లిపాదికి పరీక్ష, రోగికి పూర్తి చికిత్స.