జీతము, వెట్టి: సైనికసేవయందలి స్వేచ్ఛానిర్బంధములు

యుద్ధకాలమున సేనయందు చేరినవారిని చరిత్రకారులు రెండు వర్గములుగా విభజింతురు. శాసనబలముచేత చేర్చుకొనబడినవారు నిర్బంధసైనికులు. తమంత తాముగా చేరినవారు స్వచ్ఛందసైనికులు. శాసనదృష్టికి ఈ విభాగము స్పష్టమే. కాని గ్రామము విడిచి శిబిరమునకు పోయిన మనుష్యుని విషయమున ఇది ఎంతవరకు నిలుచునో విచారింపవలసియున్నది.

ప్రాచీనపరిభాష ఇందుకు కొంత తోడ్పడును. కౌటిల్యుని అర్థశాస్త్రమున మౌల, భృత, శ్రేణి, మిత్ర, అమిత్ర, అటవీ బలములని సేన ఆరు విధములు. సైనికుడు ఎచ్చటినుండి వచ్చెను, ఎవరికి కట్టువడియుండెను అనునదియే ఈ విభాగమునకు ఆధారము. అతని ఇష్టానిష్టముల ప్రసక్తి లేదు. నిర్బంధసేవకు అందు ‘విష్టి’ యను వేరు పదము కలదు. శిబిరములను, మార్గములను, సేతువులను, కూపములను బాగుచేయుట, ఆయుధాదులను మోయుట విష్టికర్మములు. ఈ పదమే తెలుగున ‘వెట్టి’ యైనది. ‘జీవిత’ శబ్దభవమైన ‘జీతము’ బ్రతుకుదెరువును తెలుపును.

ఈస్టిండియా కంపెనీ సిపాయి జీతమునకు చేరినవాడు. ఆ తొలిసేనలలో తెలుగువారు ఉండుటచేతనే ఉత్తరహిందూస్థానమున ‘తిలంగా’ యను మాట సిపాయికి పర్యాయమయ్యెను. 1857లో ఢిల్లీ ప్రజలు తెలుగుదేశము నెన్నడు నెరుగని సిపాయిలను సైతము ఆ పేరనే పిలిచిరి.

మొదటి ప్రపంచయుద్ధమున జీతమునకు, వెట్టికి నడుమనున్న గీత చెరిగెను. 1916లో బ్రిటన్ నిర్బంధసైనికసేవా శాసనము చేసెను. భారతదేశమున 1917 నాటి రక్షకదళ శాసనము ఐరోపీయ బ్రిటిష్ ప్రజలను మాత్రమే నిర్బంధించి, చేరికను భారతీయుల ఇష్టమునకు విడిచెను. కావున శాసనము ననుసరించి భారతీయసైనికు లెల్లరును స్వచ్ఛందసైనికులే.

అయినను యుద్ధకాలమున చేరిన యోధులలో దాదాపు సగముమంది నిచ్చిన పంజాబున జరిగినది వేరు. 1917 నుండి అచ్చటి రెవిన్యూ యంత్రాంగము సైనికసేకరణకు పూనుకొనెను. జిల్లాలవారిగా సంఖ్యలు నిర్ణయింపబడెను. భూములు, బిరుదులు ఒకవైపు. తహసీలుదారుల ఒత్తిడి మరియొకవైపు. శిస్తు వసూలుచేయు అధికారియే ఇంటికొక కుమారుని అడిగినపుడు రైతు కాదనుట సులభము కాదు. 1920లో వెలువడిన కాంగ్రెసు విచారణసంఘ నివేదిక ఈ బలవంతమును సాక్ష్యములతో వెల్లడించెను.

1918లో గుజరాతునందలి ఖేడాజిల్లాలో గాంధీ సైన్యమున చేరుడని గ్రామగ్రామము తిరిగెను. అంతకుముందు శిస్తు సత్యాగ్రహమునకు ఉచితముగా బండ్ల నిచ్చిన రైతులు ఇప్పుడు బాడుగకైనను ఈయరైరని ఆయన ఆత్మకథలో వ్రాసికొనెను. కాదనగలిగినచోట రైతు కాదనెను.

ఈ రెండు నిదర్శనములనుండి ఒక కొలమానము ఏర్పడుచున్నది: చేరనన్నవానికి ఏమి జరిగెను? ఏ హానియు కలుగనిచోటనే ‘స్వచ్ఛంద’ శబ్దము సార్థకము. ఇట్లని పంజాబు సైనికుల నందరిని వెట్టివారుగా గణించుటయు తగదు. జీతమునకో, వంశగౌరవమునకో కోరి చేరినవారును వారిలో పలువురు. ఒకే దళమున, ఒకే కందకమున ఇరుతెగలవారును నిలిచిరి. చేరికపట్టీలో అందరికిని ఒకటే పేరు. ఆ పేరును యథాతథముగా స్వీకరించు చరిత్రకారుడు కోరి వచ్చినవాని సాహసమును, కాదనలేక వచ్చినవాని దుఃఖమును కూడ కోల్పోవును.